వీపుసంచికి వెన్నుబద్ద

రోజుల తరబడి కాలినడకన కొండలూ అడవులూ దాటే యాత్రికుడు తన తిండినీ పడకనూ గూడునూ మోసుకుపోయే వీపుసంచిలో గుడ్డ కనబడుతుంది, పట్టీలు కనబడతాయి, జేబులు కనబడతాయి. కాని ఆ సంచి సుఖంగా కుదురుకుంటుందా, సాయంత్రానికి భుజాలను కోసేస్తుందా అన్నది తేల్చే భాగం మాత్రం సాధారణంగా కంటికి కనబడదు. సంచి వెనుక గోడలో, మోసేవారి వెన్నుకు సమాంతరంగా దాగి ఉండే ఆ గట్టి భాగాన్ని చట్రం అంటారు. బరువు తగ్గించుకోవడానికని చట్రాన్ని తొలగించిన సంచికి, పోగొట్టుకున్న బరువు మళ్లీ వచ్చి చేరకుండా, దొరికిన సామగ్రితోనే తేలికపాటి చట్రాన్ని అమర్చుకోవడం ఎలాగన్నది ఈ ప్రసంగ విషయం. అయితే ఏ వస్తువు వాడాలన్న ప్రశ్నకు ముందు, చట్రం అసలు చేసే పని ఏమిటన్నది తేలాలి. ఎందుకంటే సొంతంగా చట్రాలు అమర్చుకునేవారి ప్రయత్నాలు విఫలమయ్యేది చాలావరకు వస్తువు ఎంపికలో కాదు, ఆ పనిని అపార్థం చేసుకోవడంలో.

వీపుసంచుల ప్రపంచంలో అల్ట్రాలైట్ అన్న మాట అమెరికాలోని దూరపు కాలిబాటల మీద స్థిరపడింది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా పశ్చిమ పర్వతాల వెంట సుమారు 4,260 కిలోమీటర్లు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్‌ను గాని, తూర్పున జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రయిల్‌ను గాని ఒకే ఏడాది ఒకే విడతలో ముగించదలచినవారికి, వీపు మీది ప్రతి కిలో లక్షల అడుగుల పొడవునా మోయవలసిన కిలో కనుక, వారు బరువును గ్రాముల్లో లెక్కించడం అలవాటు చేసుకున్నారు. తిండి, నీరు, పొయ్యి ఇంధనం వంటి ఖర్చయిపోయే వాటిని మినహాయించి మిగిలిన సామాను మొత్తాన్ని వారు బేస్ వెయిట్, అంటే మూలబరువు అంటారు. అది 10 పౌన్లకు, అనగా సుమారు నాలుగున్నర కిలోలకు లోబడి ఉంటే ఆ యాత్రికుడు అల్ట్రాలైట్ కోవలోకి వస్తాడన్నది వారిలో వాడుకగా నిలిచిన కొలమానం. చట్రమూ మెత్తలూ అన్నీ ఉన్న మామూలు పెద్ద సంచి ఒక్కటే ఇంచుమించు రెండు కిలోలు తూగుతుంది గనుక, నాలుగున్నర కిలోల పద్దులో దానికి చోటు దొరకదు. అందుకే అర కిలోకు అటూ ఇటూ తూగే, చట్రం లేని మెత్తటి సంచులు వాడుకలోకి వచ్చాయి.

చట్రం మాత్రం చాలా పాతది. ఆస్ట్రియా, ఇటలీల సరిహద్దున ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన, ఓట్జీ అనే పేరుతో ప్రసిద్ధుడైన, సుమారు 5,300 ఏళ్ల కిందటి మనిషి సామగ్రిలో లాడం ఆకారంలో వంచిన హేజెల్ కర్ర, లార్చ్ మాను నుంచి చీల్చిన రెండు చిన్న పలకలు ఉన్నాయి. అది మంచు మీద నడిచే పాదుకలో భాగమై ఉండవచ్చునని వాదించినవారు లేకపోలేదు గాని, వీపు మీద బరువు మోసే చట్రమేనన్న అభిప్రాయానికే ఎక్కువ ప్రచారం ఉంది. కొరియా రైతులు వీపున తగిలించుకునే జిగే అనే కర్రల చట్రం, నేపాలు కొండల్లో నుదుటి పట్టీ సాయంతో మోసే డోకో అనే వెదురు బుట్ట ఇదే అవసరానికి వేర్వేరు జవాబులు. నార్వే దేశస్థుడు ఓలే బెర్గాన్ 1909లో పేటెంటు పొందిన సంచిలో వీపు వంపుకు సరిపడే చట్రం మొదట వంచిన జునిపర్ కొమ్మతో, తరువాత ఉక్కు గొట్టంతో తయారయింది. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ 1952లో అల్యూమినియం గొట్టాల చట్రాలను తన ఇంటి దగ్గరే తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1967లో గ్రెగ్ లోవ్ చట్రాన్ని సంచి బయటినుంచి లోపలికి తెచ్చాడు.

ఈ వరుసకు ఎదురు నడిచినవారూ ఉన్నారు. 1955లో 67 ఏళ్ల వయసున్న ఎమ్మా గేట్‌వుడ్ ఇంట్లో కుట్టుకున్న డెనిమ్ గుడ్డ మూటను ఒక భుజాన వేసుకుని అపలాచియన్ బాటను ఆసాంతం నడిచి, ఒంటరిగా ఒకే విడతలో దానిని పూర్తిచేసిన తొలి మహిళగా పేరుపొందింది. రే జార్డీన్ 1990ల్లో తన పుస్తకాల ద్వారా, చట్రమే కాదు, నడుము పట్టీ కూడా లేని సంచిని ఎవరికి వారే కుట్టుకోవచ్చునని ప్రచారం చేశాడు. ఆయన వాదంలో బలం ఉంది: సంచిలోకి వెళ్లే సామాను నిజంగా తగ్గితే, దాన్ని మోసే ఏర్పాటు కూడా తగ్గాలి. అయితే ఆ వాదంలోని మొదటి సగాన్ని వదిలి రెండో సగాన్ని మాత్రమే పట్టుకున్నవారు, అంటే సామాను తగ్గించకుండా సంచిని మాత్రం తేలిక చేసుకున్నవారు, బాధపడ్డారు. సామాను తగ్గించినవారు సైతం కొన్ని రోజులు బాధపడక తప్పని పరిస్థితి ఒకటుంది.

మూలబరువు ఏ రోజూ ఒంటరిగా ప్రయాణించదు. నాలుగున్నర కిలోల మూలబరువున్న యాత్రికుడు, తరువాతి ఊరు ఆరు రోజుల దూరంలో ఉంటే, రోజుకు 800 గ్రాముల చొప్పున దాదాపు ఐదు కిలోల తిండి కట్టుకోవాలి. దక్షిణ కాలిఫోర్నియా ఎడారి భాగంలో ఒక నీటి వనరుకూ మరొకదానికీ మధ్య దూరం ఎక్కువైన చోట నాలుగైదు లీటర్ల నీరు, అంటే మరో నాలుగైదు కిలోలు మోయాలి. సియెర్రా నెవాడా పర్వతాల్లో ఎలుగుబంట్లకు తిండి చిక్కకుండా గట్టి ప్లాస్టిక్ పీపాలో దాచాలన్న నియమం ఉన్న ప్రాంతాల్లో, ఖాళీ పీపాయే కిలో పైన తూగుతుంది. ఈ విధంగా కాగితం మీద అల్ట్రాలైట్ అయిన సంచి కొన్ని రోజులు 13, 14 కిలోలకు చేరుతుంది. చట్రం లేని సంచి సుఖంగా మోయగలిగేది 9 నుంచి 11 కిలోల వరకేనన్నది వాడినవారి సాధారణ అనుభవం. అందువల్ల చట్రం అవసరం సగటు రోజును బట్టి కాక, అన్నిటికన్నా బరువైన రోజును బట్టి నిర్ణయమవుతుంది. అటువంటి రోజులు కొద్దే గనుక, కావలసినప్పుడు దూర్చి అక్కరలేనప్పుడు తీసేయగలిగిన చట్రమే ఇక్కడ ఉచితమైనది.

ఆ పదకొండు కిలోల హద్దు దగ్గర సంచికి ఏమవుతుందో వివరించడానికి ధాన్యపు బస్తా చాలు. ముఖం దాకా కూరి కుట్టిన బస్తా గోడకు ఆనించకపోయినా నిలబడుతుంది. అందులోంచి పావు వంతు గింజలు తీసేస్తే నడుము దగ్గర మడతపడి కూలబడుతుంది. చట్రం లేని వీపుసంచి కూడా బిగువుగా కూరినంతసేపే నిలబడే బస్తా వంటిది. తిండి ఖర్చయి లోపల వదులు ఏర్పడితే గాని, బరువు మితిమీరితే గాని అది మధ్యలో కుంగుతుంది. ఆ కుంగుడు వల్ల వచ్చే నష్టం ఒక కొలతలో తెలుస్తుంది. మెడ ముందుకు వంచినప్పుడు వెనుక చేతికి తగిలే ఎత్తైన ఎముక నుంచి, నడుము మీద చేతులు ఆనించినప్పుడు బొటనవేళ్లకు తగిలే తుంటి ఎముక పై అంచు దాకా ఉన్న దూరాన్ని వీపు పొడవు అంటారు. సంచిలో భుజపట్టీలు కుట్టిన చోటుకూ నడుము పట్టీ ఉన్న చోటుకూ మధ్య దూరం ఈ పొడవుకు సరిపోయినంతవరకు, బరువులో పెద్ద పాలు నడుము పట్టీ మీదుగా తుంటి ఎముకలకు, అక్కడి నుంచి కాళ్లకు దిగుతుంది. సంచి కుంగి ఆ దూరం మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గిందంటే, నడుము పట్టీ ఎంత బిగించినా అది అలంకారమే. బరువంతా భుజాలకు వేలాడుతుంది.

కాబట్టి చట్రం పని బరువును ఎత్తిపట్టడం కాదు. భుజానికీ తుంటికీ మధ్య ఒక దూరాన్ని తగ్గకుండా కాపాడడమే దాని పని. ఇంటి పైకప్పును స్తంభం మోసినట్టు అది బరువును పై నుంచి కిందికి దింపుతుంది, అంతే. తెలుగు దేశపు కావడితో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. కావడిబద్ద భుజం మీద అడ్డంగా ఉండి, నడకకు తగినట్టు వంగుతూ లేస్తూ, అడుగడుగునా భుజం మీద పడే దెబ్బను మెత్తబరుస్తుంది; వంగడం దానికి గుణం. వీపుసంచిలోని బద్ద నిలువుగా ఉంటుంది. వంగిందంటే దాని పని ముగిసినట్టే.

నిలువుగా ఉండి రెండు కొసల నుంచీ నొక్కుడుకు గురయ్యే సన్నని బద్ద విరగకముందే పక్కకు విల్లులా వంగిపోతుంది. ఇంజనీర్లు బక్లింగ్ అనే ఈ పరిణామాన్ని లియొనార్డ్ ఆయిలర్ 1744లో గణితంగా వివరించాడు. కొబ్బరి చీపురు పుల్లను అరచేతికీ నేలకూ మధ్య నిలిపి నొక్కితే ఎవరికైనా ఇది తెలుస్తుంది. అదే పుల్లను సగానికి విరిచి నొక్కితే నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే బద్ద తట్టుకునే నొక్కుడు దాని పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. మందం సంగతి ఇంకా విశేషమైనది. వంగే దిశలో మందాన్ని రెట్టింపు చేస్తే బిగువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు పెరుగుతుంది. దొరికిన వస్తువుతో చట్రం చేసుకునేవారికి ఉపయోగపడే ఉపాయాలన్నీ దాదాపుగా ఈ రెండు సూత్రాల్లోనే ఉన్నాయి: పొడవైన బద్దను మధ్యమధ్య ఎక్కడో పట్టి ఉంచి పొట్టి బద్దల్లా ప్రవర్తించేట్టు చేయడం, అదే బరువులో మందం ఎక్కువ వచ్చే వస్తువును ఎంచుకోవడం.

అన్నిటికన్నా తేలికైన చట్రం, సంచిలో ఎలాగూ ఉన్న వస్తువుకు అప్పగించిన రెండో ఉద్యోగం. రాత్రి పడకకు వాడే నురుగు చాప అలాంటిది. క్లోజ్డ్ సెల్ ఫోమ్ అనే ఆ నురుగులో ప్రతి బుడగా విడిగా మూసుకుని ఉంటుంది గనుక నీరు పీల్చదు, గాలి పోయి చప్పబడదు. మడతల వారీగా ముడుచుకునే పూర్తి పొడవు చాప 400 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. దాన్ని చుట్టగా చుట్టి ఖాళీ సంచిలో నిలబెట్టి, లోపల వదులు చేసి సంచి గోడలకు ఆనుకునేట్టు విప్పి, ఆ బోలు గొట్టంలోకి సామాను కూరితే, సంచి మొత్తం ఒక పీపాగా మారి నిలబడుతుంది. గొట్టం ఆకారానికి ఉన్న బిగువు ఇక్కడ పనిచేస్తుంది గాని, ఇందులో రెండు ఇబ్బందులు ఉన్నాయి: చాప చోటు తినేస్తుంది, పీపా వంటి గుండ్రటి వెనుక భాగం చదునైన వీపుకు అతకదు. చాపను సంచి వెడల్పుకు కత్తిరించి, నాలుగైదు పొరలుగా మడిచి, వీపు వైపు కుట్టిన పలచని అరలో దూర్చడం రెండో పద్ధతి. వీపుకు ఇదే మేలు. మందం నాలుగింతలైనప్పుడు బిగువు ఎంత పెరుగుతుందో పైన చెప్పిన సూత్రమే చెబుతుంది, కాని పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా గట్టిగా అదిమి ఉంచితేనే ఆ లాభం దక్కుతుంది. గాలి ఊదే పరుపును సగం ఊది చట్రంగా వాడేవారు ఉన్నారు. ముల్లు గుచ్చుకుంటే ఒకే దెబ్బకు చట్రమూ పడకా రెండూ పోతాయి గనుక అది తెలివైన పొదుపుగా తోచదు.

నురుగు చాలని చోట పలక వస్తుంది. రెండు పలచని ప్లాస్టిక్ పొరల మధ్య సన్నని గట్లు వరుసగా అమరి, పక్కనుంచి చూస్తే గొట్టాల వరుసలా కనిపించే పాలీప్రొపిలీన్ పలకను అమెరికాలో కోరోప్లాస్ట్ అంటారు. ఎన్నికల బోర్డులకూ అంగళ్ల ప్రకటనలకూ వాడే అదే పలక ఇక్కడి బజారులో సన్‌ప్యాక్ షీటు. వీపుకు సరిపడే ముక్క మందాన్ని బట్టి 50 నుంచి 90 గ్రాములు ఉంటుంది. దాన్ని కత్తిరించేటప్పుడు లోపలి గట్లు నిలువుగా వచ్చేట్టు చూసుకోవాలి. గట్లు నిలువుగా ఉన్న పలక పై నుంచి కిందికి నొక్కినప్పుడు బిగిసి నిలుస్తుంది, అడ్డంగా మాత్రం వీపు గుండ్రదనానికి తగినట్టు సులువుగా ఒంగుతుంది. గట్లు అడ్డంగా వస్తే రెండూ తారుమారై, మొదటి రోజే నడుము దగ్గర మడతపడుతుంది. అలా అడ్డంగా కాస్త ఒంగడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. కొబ్బరి మట్ట మొదట్లో దోనెలా ఒంపు తిరిగి ఉండడం వల్లనే అంత పొడవైన ఆకును మోయగలుగుతుంది. వడ్రంగి వాడే ఉక్కు కొలత టేపు అడ్డంగా కొద్దిపాటి ఒంపు ఉండడం వల్లనే గాలిలో చాచినా నిటారుగా నిలుస్తుంది. వీపు చుట్టూ ఒదిగిన పలక కూడా అదే దోనె.

బరువు 12 కిలోలు దాటే రోజుకు మాత్రం బద్దలే కావాలి. ఇంగ్లీషువారు స్టే అనే ఈ బద్దలు సాధారణంగా రెండు. వెన్నెముకకు అటొకటి ఇటొకటి, సంచిలో కుట్టిన సన్నని తొడుగుల్లో దూరుతాయి. అందరికీ ముందుగా తోచేది అల్యూమినియం పట్టీ. అర అంగుళం వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం, 50 సెంటీమీటర్ల పొడవు గల పట్టీ సుమారు 55 గ్రాములు తూగుతుంది. ఆయిలర్ సూత్రం ప్రకారం ఎవరి ఆసరా లేకుండా ఒంటరిగా నిలబడితే సుమారు తొమ్మిదిన్నర కిలోల నొక్కుడు దగ్గర పక్కకు వంగుతుంది. అదే పట్టీ 60 సెంటీమీటర్లయితే ఆ అంకె ఆరున్నర కిలోలకు కాస్త పైన ఆగుతుంది. పొడగరులకు బద్దలు ఎందుకు నిరాశ కలిగిస్తాయో ఈ తేడా చెబుతుంది. అయితే సంచిలో బద్ద ఒంటరి కాదు: ముందు వీపు, వెనుక కూరిన సామాను, చుట్టూ తొడుగు గుడ్డ దాన్ని వంగకుండా పట్టి ఉంచుతాయి గనుక, నిజమైన బలం లెక్కకు వచ్చినదానికన్నా ఎక్కువే. తొడుగు వదులుగా ఉంటే ఆ అదనపు బలం పోతుంది. బద్ద దూర్చడానికి కాస్త కష్టపడవలసినంత బిగువుగా తొడుగు కుట్టడమే మంచిది.

అల్యూమినియంలోనూ రకాలున్నాయి. 6061 అనే మిశ్రలోహం మోకాలి మీద పెట్టి మెల్లగా వంచితే వీపు ఆకారానికి లొంగుతుంది. గుడారపు గొట్టాల్లో వాడే 7075 రకం అంతకన్నా బలమైనదే గాని, చిన్న వంపు దగ్గర బలవంతం చేస్తే పగుళ్లు చూపుతుంది. ఏ రకమైనా ఒకే చోట వంచి, తిరిగి చాచి, మళ్లీ వంచితే ఆ చోట లోహం పెళుసెక్కుతుంది. అందువల్ల ముందు మోసేవారి వెన్ను వంపును అట్ట ముక్క మీద గీసుకుని, ఆ గీతకు సరిపోయేట్టు ఒక్కసారిగా కాక అంగుళం అంగుళం జరుపుతూ వంచడం అవసరం. నడుము దగ్గర లోపలికి, భుజాల దగ్గర వెలుపలికి ఉండే మెలిక మాటల్లో చూపడానికి వీలుకానిది. గోడకు వీపు ఆనించి నిలబడి నడుము వెనుక చేయి దూర్చినవారికి ఆ ఖాళీ ఎంతో తెలుస్తుంది.

అల్యూమినియాన్ని ఆధునికమనీ వెదురును పాతకాలపుదనీ అనుకునేవారికి ఒక చిన్న లెక్క ఆశ్చర్యం కలిగించవచ్చు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం, 50 సెంటీమీటర్ల పొడవు గల ఎండు వెదురు బద్ద ఇంచుమించు 40 గ్రాములు తూగుతుంది, అంటే పైన చెప్పిన అల్యూమినియం పట్టీకన్నా తక్కువ. కాని వంగుడుకు అది చూపే ఎదురు బలం స్థూలంగా రెట్టింపు. లోహంగా అల్యూమినియం వెదురుకన్నా నాలుగైదు రెట్లు బిగువైనదే, అయినా వెదురు తేలిక కావడం వల్ల అదే బరువులో దానికి దాదాపు రెట్టింపు మందం దక్కుతుంది, మందమేమో ఎనిమిదింతల లాభాన్ని ఇస్తుంది. వెదురులో నారలు పై తోలు దగ్గర దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటాయి కనుక చెక్కేటప్పుడు తోలు వైపు ముట్టుకోకుండా లోపలి వైపు నుంచే పలచన చేయాలి. వంపు తేవలసిన చోట మంట మీద వేడిచేసి వంచి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచితే ఆ వంపు నిలుస్తుంది. బుట్టలూ చాటలూ తట్టలూ అల్లే మేదరుల చేతికి ఈ రెండు పనులూ కొత్తవి కావు. హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో హిమాలయ నడకలకు బయలుదేరేవారికి మంచి వెన్నుబద్దలు కావాలంటే, కార్బన్ గొట్టాల కోసం వెతకడంకన్నా మేదర వీధికి వెళ్లడం సులువు. ఒకే బొంగులోంచి చీల్చిన రెండు బద్దలు సైతం సమానంగా ఉండకపోవడం, పచ్చిది పురుగు పట్టడం, కణుపు దగ్గర చీలిక రావడం వెదురుకు ఉన్న లోపాలు. ఫ్యాక్టరీ గొట్టంలో ఈ అనుమానాలు ఉండవు.

ఆ ఫ్యాక్టరీ గొట్టాల్లో అన్నిటికన్నా తేలికైనది కార్బన్ ఫైబరు. బొగ్గు నారలను జిగురులో బిగించి చేసే ఈ గొట్టాలు బాణాలకూ గాలిపటాల చట్రాలకూ వాడుకలో ఉన్నాయి. 6 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న అర మీటరు గొట్టం 13 గ్రాములకు మించదు. బిగువులో మాత్రం 55 గ్రాముల అల్యూమినియం పట్టీకి తీసిపోకపోగా దాదాపు రెట్టింపు ఉంటుంది. దీనికి చెల్లించవలసిన మూల్యం రెండు విధాలు. లోహంలా దీన్ని వీపు ఆకారానికి వంచలేరు, అందుకే దీన్ని వాడేవారు రెండు గొట్టాలను పైన అడ్డబద్దతో కలిపి చదునైన చట్రంగానో, విల్లులా బిగించి వీపుకూ సంచికీ మధ్య గాలి ఆడేట్టుగానో అమర్చుతారు. ఇక విరిగేటప్పుడు ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పుటుక్కున విరిగి ముళ్ల వంటి పదునైన నారలు చిమ్ముతుంది. కోసేటప్పుడు కోత గీత మీద టేపు చుట్టి, గొట్టాన్ని తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఏ వస్తువు బద్దైనా అసలు పరీక్ష దాని కొసల దగ్గర జరుగుతుంది, సొంత చట్రాల్లో ఎక్కువ భాగం చెడేదీ అక్కడే. డిక్ కెల్టీ కథలో ఇందుకు మంచి దృష్టాంతం ఉంది. 1950ల మొదట్లో సియెర్రా పర్వతాల నడకలో అతని మిత్రుడొకడు కర్ర చట్రం కింది కొసలను తన జీన్స్ ప్యాంటు వెనుక జేబుల్లోకి దోపుకున్నాడట. వెంటనే భుజాల మీది బరువు తుంటికి దిగింది. చట్రం మారలేదు, బరువు మారలేదు, కొస నిలిచే చోటు మాత్రమే మారింది. కెల్టీ సంచుల నడుము పట్టీకి ప్రేరణ ఆ జేబులే. నేడు సొంతంగా బద్దలు అమర్చుకునేవారు చేసే పెద్ద పొరపాటు ఆ జేబును మరచిపోవడమే: బద్దను సంచి అడుగు గుడ్డ మీద ఆనించి వదిలేస్తారు, నడుము పట్టీనేమో నాలుగైదు సెంటీమీటర్ల పైన వేరే చోట కుడతారు. అప్పుడు బద్ద మీదుగా దిగిన బరువు పట్టీకి చేరే మార్గం వాటి మధ్య ఉన్న మెత్తటి గుడ్డ ఒక్కటే. అది సాగి ముడతపడుతుంది, కొద్ది రోజుల్లో బద్ద కొస గుడ్డను పొడుచుకుని బయటికి వస్తుంది. బద్ద కింది కొస నడుము పట్టీకే కుట్టిన జేబులో నిలవాలి; ఆ జేబుకు సంచి గుడ్డ సరిపోదు, మంచాలకు వాడే నైలాన్ నవారు వంటి మందపాటి పట్టీని రెండు మడతలు వేసి, కొస చుట్టూ అడ్డంగా మూడు నాలుగు వరుసల దగ్గరి కుట్టు వేయాలి. కొసలను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, సన్నని రబ్బరు గొట్టం ముక్కో, సీసా మూతలోంచి కోసిన ప్లాస్టిక్ బిళ్లో తొడగడం ఐదు నిమిషాల పని.

పై కొసకు వేరే బాధ్యత ఉంది. భుజపట్టీ పై భాగం నుంచి సంచి పై అంచుకు ఏటవాలుగా పోయే చిన్న పట్టీలను లోడ్ లిఫ్టర్లు అంటారు. వాటిని లాగితే సంచి వెనక్కి వాలకుండా వీపుకు దగ్గరవుతుంది. అవి సుమారు 45 డిగ్రీల వాలులో పనిచేయాలంటే బద్దల పై కొసలు భుజాలకన్నా ఐదారు సెంటీమీటర్లు పైకి లేవాలి, పైకి లేచిన కొసలు తల వెనక్కి వాల్చినప్పుడు తగలకుండా కాస్త వెనక్కి ఒంగాలి. చట్రం లేని సంచికి లోడ్ లిఫ్టర్లు కుట్టి అమ్మేవారు ఉన్నారు. లాగడానికి గట్టి కొస లేని చోట అవి గుడ్డను ముడతపెట్టడం తప్ప మరేమీ చేయలేవు. రెండు బద్దలూ దేనికదే ఉంటే నడకలో ఒకటి అటు ఒకటి ఇటు ఊగుతాయి. పైన ఒక అడ్డబద్దతో కలిపితే, లేదా ఒకే గొట్టాన్ని లాడంలా వంచితే ఆ ఊగుడు తగ్గుతుంది. పలకనూ బద్దలనూ కలిపి వాడి, పలకకు చిల్లులు పొడిచి దారంతో రెండు మూడు చోట్ల బద్దలను కట్టడం ఇంకా మంచి ఉపాయం: పలక బద్దలను మధ్యలో పట్టి ఉంచుతుంది, పొడవైన బద్ద పొట్టిదై బలపడుతుంది, సామానులోని గిన్నె అంచులు వీపును పొడవకుండా పలకే అడ్డుపడుతుంది. ఇంత చేసినా మొత్తం 200 గ్రాములు దాటనవసరం లేదు. పళ్లు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోసి నాలుగు గ్రాములు ఆదా చేసే సంప్రదాయంలో 200 గ్రాములు పెద్ద ఖర్చుగా కనబడవచ్చు గాని, 14 కిలోల రోజున అంతకన్నా సద్వినియోగమయ్యే 200 గ్రాములు ఆ సంచిలో ఇంకెక్కడా ఉండవు; ఆ రోజులు గడిచాక బద్దలను తీసి, ఊరి పోస్టాఫీసు నుంచి ఇంటికో బాటలో ముందున్న మరో ఊరికో పంపేయడం అమెరికా యాత్రికులకు ఎలాగూ అలవాటే.

తయారైన చట్రాన్ని కొండ మీద పరీక్షించడం అవివేకం. ఖాళీ సంచిని నేల మీద పరచి భుజపట్టీ కుట్టు నుంచి నడుము పట్టీ మధ్య దాకా కొలిచి ఆ అంకె రాసుకోవాలి. తరువాత ఐదేసి కిలోల బియ్యం సంచులు రెండు, రెండు లీటర్ల నీటి సీసా ఒకటి అందులో పెట్టి, వీపున తగిలించి, నడుము పట్టీ బిగించి, ఇంకొకరి చేత అదే దూరాన్ని మళ్లీ కొలిపించాలి. తేడా రెండు సెంటీమీటర్లలోపు ఉంటే చట్రం పనిచేస్తున్నట్టు. ఆ పైన భుజపట్టీలను కొద్దిగా వదులు చేస్తే, భుజానికీ పట్టీకీ మధ్య వేళ్లు దూరేంత ఖాళీ రావాలి, సంచి మాత్రం కిందికి జారకూడదు. జారితే లోపం బద్దలో కాక కింది జేబులోనో నడుము పట్టీ బిగువులోనో ఉందని గ్రహించాలి. ఆ బరువుతో మూడు నాలుగు అంతస్తుల మెట్లు పదిసార్లు ఎక్కి దిగి, సంచిని ఖాళీ చేసి, లోపలి గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, బద్దల కొసలు ఆనిన చోట్ల నేత పలచబడి సన్నని వెలుగు చుక్కలు కనిపిస్తాయి. రెండో పొర నవారు వేసి కుట్టవలసింది ఆ చుక్కల మీదనే.